మార్లవాయి బడి పెట్టించిన హైమన్‌డార్ఫ్

ఏటా జనవరి 11న మన పెద్దలు మార్లవాయికి వెళ్తారు. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని ఆ గూడెంలో ఒక విదేశీ జంట సమాధుల దగ్గర పూలు పెట్టి, సంప్రదాయ పూజ చేసి వస్తారు. వాళ్లెవరో పేరు మాత్రమే తెలిసిన తమ్ముళ్లు, చెల్లెళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్లు మన తాతల కాలంలో ఏం చేశారో తెలుసుకోవడం మన బాధ్యత.

క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909 జూన్ 22న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టారు. మానవ శాస్త్రం చదివి, 1936లో నాగా కొండలకు వచ్చి నాగా తెగల మధ్య ఉండి పరిశోధన చేశారు. 1938లో బెట్టీ ఎలిజబెత్‌ను పెళ్లి చేసుకున్నారు. 1939లో మళ్లీ మన దేశానికి వచ్చినప్పుడు రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అప్పటికే ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోవడంతో ఆంగ్లేయులు ఆయనను శత్రుదేశస్థుడిగా చూశారు. నిజాం రాజ్యం దాటిపోకూడదని ఆంక్ష పెట్టారు. దాంతో ఆయన మొదట నల్లమల చెంచుల దగ్గరికి, ఆ తర్వాత గోదావరి తీరంలోని కొండరెడ్ల దగ్గరికి వెళ్లారు.

అదే రోజుల్లో, 1940లో, జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాడు. భీం పోరాటంతో నిజాం ప్రభుత్వం ఉలిక్కిపడింది. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునే పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన, ఎలిజబెత్ కలిసి వచ్చి మార్లవాయిలో మన ఇళ్లలాంటి గడ్డి ఇంట్లో కాపురం పెట్టారు. గోండి నేర్చుకున్నారు. పండుగల్లో, పెళ్లిళ్లలో, చావుల్లో మనవాళ్లతో కూర్చున్నారు.

అక్కడ ఆయనకు కనిపించింది ఇదీ. మనవాళ్లు అడవి నరికి సాగు చేసిన భూమి మరొకరి పేరు మీదకు పోతోంది. పట్వారీ ఏం రాశాడో, షావుకారు కాగితంలో ఎంత అప్పు ఉందో చదవగలిగినవాళ్లు గూడెంలో లేరు. చూపిన చోట వేలిముద్ర వేయడమే. భూమికి పట్టాలు ఇవ్వాలని ఆయన ప్రభుత్వానికి గట్టిగా చెప్పారు. వేలాది ఎకరాలు ఆదివాసుల పేరు మీదకు వచ్చాయి. కానీ చేతిలో పట్టా ఉండి అందులో ఏముందో చదవలేకపోతే ఆ భూమి మళ్లీ పోతుంది. అందుకే గూడేనికి బడి కావాలన్నారు.

1943లో మార్లవాయిలో గోండు విద్యా పథకం మొదలైంది. బయటి పంతులు వస్తే అతని మాట పిల్లలకు అర్థం కాదు, పిల్లల మాట అతనికి అర్థం కాదు. కాబట్టి మన యువకులనే పంతుళ్లుగా తయారు చేయాలని నిర్ణయించారు. కొద్దిగా మరాఠీ అక్షరాలు వచ్చినవాళ్లను వెతికి మార్లవాయిలో శిక్షణ ఇచ్చారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారు చేశారు. గోండి నేర్చుకున్న సేతు మాధవరావు పగడి వంటి అధికారులు ఇందులో తోడు నిలిచారు.

ఆ బడులు పెద్ద భవనాలేమీ కావు. గూడెంలో ఒక చిన్న ఇల్లు, ఒక పంతులు. చిన్నా పెద్దా పిల్లలందరూ ఒకేచోట కూర్చునేవారు. మొదట అమ్మ మాట గోండిలో అక్షరాలు, ఆ తర్వాత మరాఠీ, కచేరీల్లో పని జరగాలంటే ఉర్దూ. అలా చదివినవారిలో కొందరు ప్రభుత్వ కొలువుల్లోకి కూడా వెళ్లారు.

1949లో హైమన్‌డార్ఫ్ లండన్ వెళ్లి విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు. 1970లలో తిరిగి వచ్చి చూసేసరికి పరిస్థితి మారిపోయింది. పట్టా ఉన్న భూములు కూడా వలస వచ్చినవారి చేతుల్లోకి పోతున్నాయి. బడిలో గోండి లేదు. ఆయనను అది చాలా బాధించింది. ఆ మార్పులను 1982లో పుస్తకంగా రాశారు.

1987 జనవరి 11న ఎలిజబెత్ హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995 జూన్ 11న లండన్‌లో చనిపోయారు. తర్వాత ఆయన అస్థికలనూ తెచ్చి ఆమె పక్కనే ఉంచారు.

ఒక్క మాట మరిచిపోవద్దు. భీం నెత్తురు చిందించకపోతే హైమన్‌డార్ఫ్ మన గూడేనికి వచ్చేవారే కాదు. ఆ బడులు మనకు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు, పోరాటం తెచ్చినవి. ఆ పోరాటాన్ని అర్థం చేసుకుని మన పక్కన నిలబడినందుకే ఆయన మనవాడయ్యారు.

ఈసారి మార్లవాయి వెళ్లినప్పుడు మీ ఇంటి పట్టా పాసుపుస్తకం మీరే చదివి అమ్మానాన్నలకు వినిపించి వెళ్లండి. మీ గూడెం బడిలో ఒకటో తరగతి పిల్లవాడికి పాఠం ఏ భాషలో చెబుతున్నారో అడగండి. వీలైతే సాయంత్రం ఒక గంట మీరే కూర్చుని మన భాషలో అక్షరాలు దిద్దించండి. అదే ఆయనకు నిజమైన నివాళి.

జై సేవా!