సింహ బిరుదాంకితుడు హెన్రీ

మధ్యయుగ జర్మనీలో చక్రవర్తికి దీటుగా వెలిగి, తుదకు సింహాసన గౌరవమును కోల్పోయిన ప్రభువు హెన్రీ. ‘సింహము’ అని అతనికి బిరుదు. అతని జీవితమును పాఠకుల ముందు సంగ్రహముగా ఉంచుచున్నాము.

వెల్ఫ్ వంశమున 1130 ప్రాంతములో హెన్రీ జన్మించినాడు. తల్లి గెర్‌ట్రూడ్, చక్రవర్తి మూడవ లోథార్ కుమార్తె. 1139లో తండ్రి మరణించునాటికే ఆ కుటుంబపు అధికారములను రాజు హరించి ఉన్నాడు. 1142లో బాలుడైన హెన్రీకి సాక్సనీ తిరిగి దక్కినది. మేనత్త కుమారుడైన ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి 1156లో బవేరియాను కూడ ఇచ్చినాడు. మ్యూనిక్ నగర చరిత్ర 1158లో హెన్రీ నెలకొల్పిన సంతతోనే ప్రారంభమైనది. మరుసటి సంవత్సరము ల్యూబెక్ రేవుపట్టణమును పునర్నిర్మించినాడు.

1168లో ఇంగ్లండు రాజు రెండవ హెన్రీ కుమార్తె మటిల్డాను వివాహమాడినాడు. 1172లో జెరూసలేము యాత్ర చేసి మరలివచ్చునప్పుడు సెల్జూక్ సుల్తాను రెండవ కిలిజ్ అర్స్‌లాన్ అతనిని సగౌరవముగా ఆదరించినాడు. మతయుద్ధములు సాగిన ఆ కాలమున ఇట్టి మర్యాద గమనింపదగినది.

1176లో ఇటలీ యుద్ధమునకు బార్బరోసా సైన్యసహాయము కోరగా హెన్రీ నిరాకరించినాడు. ఆ ఏడే లెన్యానో వద్ద చక్రవర్తి ఓడిపోయినాడు. పిమ్మట హెన్రీపై ఇతర ప్రభువులు ఫిర్యాదు చేసిరి. విచారణకు పలుమార్లు పిలిచినను అతడు హాజరు కాలేదు. 1180లో రెండు రాజ్యములును పోయినవి. 1181లో ఎర్‌ఫుర్ట్‌లో లొంగిపోగా, బ్రన్స్‌విక్, ల్యూనెబుర్గ్ ప్రాంతములలోని స్వంత భూములు మాత్రము మిగిలినవి. 1182లో కుటుంబముతో మామగారి ఆశ్రయమునకు పోయినాడు. చిన్న కుమారుడు విలియం ప్రవాసముననే, వించెస్టరులో 1184లో జన్మించినాడు. 1189లో మటిల్డా కన్నుమూసినది. 1195 ఆగస్టు 6న బ్రన్స్‌విక్‌లో హెన్రీ మరణించినాడు. తాను కట్టింప మొదలిడిన దేవాలయముననే భార్య ప్రక్కన సమాధి అయినాడు.

కుమారుడు ఆటో 1209లో చక్రవర్తి అయినాడు. విలియం సంతతివారే 1714లో ఇంగ్లండు సింహాసనమెక్కిరి. 1876లో భారత సామ్రాజ్ఞి బిరుదమును స్వీకరించిన విక్టోరియా ఆ వంశపు ఆడపడుచే.

అభిమానమునకు, అహంకారమునకు నడుమ ఉన్న గీటు మిక్కిలి సన్నము. కష్టకాలమున బంధువు చేయి సాచినప్పుడు హెన్రీ తన బలమునే చూచుకొన్నాడు; తన కష్టకాలమున తానే ఇతరుల ఇంట తలదాచుకొన్నాడు. అయినను అతడు నిలిపిన పట్టణములు నేటికిని వర్ధిల్లుచున్నవి. అధికారము కన్న నిర్మాణమే చిరకాలము నిలుచునని విద్యార్థులు ఈ చరిత్ర వలన గ్రహింతురని ఆశించుచున్నాము.