పట్టికలో తప్పు పట్టిన మన ఆగిరిపల్లి భగవంతం గారు



ఈ నెల మీకు ఒక శాస్త్రవేత్త జీవితం చెప్పాలనుకున్నాను. దానికంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

కిందటి ఏడాది ఏడో తరగతి లెక్కల స్లిప్ టెస్టులో సమాంతర చతుర్భుజానికి సౌష్ఠవ రేఖలు ఎన్ని అని ఒక ప్రశ్న వచ్చింది. నా చేతిలో ఉన్న కీలో జవాబు రెండు అని ఉంది. ఒక పాప సున్నా అని రాసింది. నేను ఇంటు పెట్టి పక్క పేపర్ తీసుకున్నాను. ఆ పాప వచ్చి అడిగితే కీ చూపించి పంపేశాను. ఆ వారం పేరెంట్స్ మీటింగ్‌లో ఈ సంగతి వచ్చింది. టీచర్‌తో వాదించినందుకు వాళ్ళ అమ్మగారు నా ఎదుటే పాపను గట్టిగా మందలించారు. నేను ఏమీ అనలేదు.

మర్నాడు నా టేబుల్ మీద ఒక కాగితం ముక్క కనిపించింది. సమాంతర చతుర్భుజం ఆకారంలో కత్తిరించి, నాలుగైదు రకాలుగా మడిచి ఉంది. నేనూ మడిచి చూశాను. ఎటు మడిచినా అంచు మీద అంచు కూర్చోలేదు. జవాబు సున్నాయే. కీ తప్పు. దాన్ని చూసి దిద్దిన నేను ఇంకా తప్పు. క్లాసులో అందరి ముందూ చెప్పి ఆ పాపకు మార్కు వేశాను. కానీ వాళ్ళ అమ్మగారి ముందు ఆ పాప పడిన మాటను వెనక్కి తీసుకోవడం నా చేతిలో లేకపోయింది.

అచ్చులో ఉన్న పట్టికను ఇలాగే మడిచి చూసిన మనిషి ఒకాయన మన ప్రాంతం నుంచే వెళ్ళారు. ఆయన ఆచార్య సూరి భగవంతం గారు. మీలో పెద్దవాళ్ళు పేరు వినే ఉంటారు. మన పిల్లల్లో చాలామంది వినలేదు.

ఆగిరిపల్లి నుంచి కలకత్తాకు

విజయవాడ నుంచి నూజివీడు వెళ్ళే దారిలో ఆగిరిపల్లి మీకు తెలుసు. శోభనాచలం కొండ, నరసింహస్వామి గుడి ఉన్న ఊరు. భగవంతం గారు 1909 అక్టోబర్ 14న అక్కడ పుట్టారు. గుడివాడలో చదువుకుని, తర్వాత హైదరాబాద్ నిజాం కాలేజీలో చేరారు. అప్పట్లో ఆ కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేది. అలా 1928లో భౌతికశాస్త్రంలో డిగ్రీ అందుకున్నారు.

ఆ ఏడాది ఫిబ్రవరి 28నే కలకత్తాలో సి.వి. రామన్ గారు తన పేరుతో నిలిచిపోయిన ఫలితాన్ని కనిపెట్టారు. మనం నేషనల్ సైన్స్ డే చేసుకునేది ఆ రోజే. ఇంకా ఇరవై ఏళ్ళు నిండని ఈ కృష్ణా జిల్లా కుర్రాడు అదే ఏడాది కలకత్తా రైలెక్కి రామన్ గారి ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థిగా చేరాడు. స్థిరమైన ఉద్యోగం కాదు, తెలిసిన ఊరు కాదు. ఈ రోజు మన పిల్లలు ఇలా అడిగితే మనం ఎంతమంది ఒప్పుకుంటామో ఒక్కసారి ఆలోచించండి.

అక్కడ ఆయన చేతికి వచ్చిన పనుల్లో వజ్రం ఒకటి. వజ్రం మీద పడి చెదిరే కాంతిని బట్టి దాని లోపలి అమరికను తెలుసుకునే పని మీద 1930లో పరిశోధన పత్రం రాశారు. కొల్లూరు, పరిటాల గనుల వల్ల కృష్ణా తీరం ఒకప్పుడు వజ్రాలకు ప్రపంచమంతా పేరుపడింది. ఆ తీరం నుంచి వెళ్ళిన అబ్బాయికి మొదట్లోనే వజ్రం పని దొరకడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది. 1931లో రామన్ గారితో కలిసి, కాంతి కణానికి స్పిన్ అనే గుణం ఉందని చూపే ప్రయోగం చేశారు. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు లోపే.

సౌష్ఠవం అంటే ఏమిటి?

1932లో భగవంతం గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్చరర్‌గా చేరారు. ఈ విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది మన బెజవాడలోనే. కొన్నేళ్ళకు వాల్తేరుకు మారింది. ఆయన చేరినప్పుడు వైస్ ఛాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు.

వాల్తేరులో ఆయన పని ఎక్కువగా స్ఫటికాల మీద సాగింది. ఉప్పు, పటిక, వజ్రం, గనుల్లో దొరికే రకరకాల ఖనిజాలు, ఇవన్నీ స్ఫటికాలే. లోపల పరమాణువులు వరుస తప్పకుండా పేర్చి ఉంటాయి. ఒక వస్తువును కొంత తిప్పినా, అద్దంలో చూపినా ముందు ఉన్నట్టే కనిపిస్తే దానికి సౌష్ఠవం ఉందంటాం. సౌష్ఠవాన్ని బట్టి స్ఫటికాలన్నీ 32 తరగతుల్లోకి వస్తాయి, 33వది ఉండదు.

ఇందులో గొప్ప సంగతి ఒకటుంది. ఒక స్ఫటికం ఏ తరగతిదో తెలిస్తే, దాన్ని కొలవకముందే దాని గుణాల గురించి కొంత చెప్పేయవచ్చు. నొక్కితే ఎంత సాగుతుంది, వేడి చేస్తే విద్యుత్తు పుడుతుందా, కాంతి ఎలా నడుస్తుంది అనే ప్రశ్నలకు ఎన్ని సంఖ్యలు కొలవాలో సౌష్ఠవమే చెప్తుంది. భగవంతం గారు ఈ లెక్కను గ్రూప్ థియరీ అనే గణితంతో చేసే పద్ధతిని తయారు చేశారు. గణితవేత్త టి. వెంకటరాయుడు గారు ఆయనకు తోడయ్యారు. ఇద్దరూ కలిసి రాసిన గ్రూప్ థియరీ పుస్తకాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది.

1942లో దొరికిన తప్పు

1942 మన తీరానికి కష్టకాలం. జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలి గుంటూరుకు తరలి వచ్చింది. భగవంతం గారు జీవితంలో చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి అచ్చయింది ఆ ఏడాదే.

పారదర్శకంగా ఉన్న స్ఫటికాన్ని నొక్కితే దాని గుండా పోయే కాంతి నడక కొద్దిగా మారుతుంది. ఏ తరగతి స్ఫటికానికి ఈ మార్పును చెప్పడానికి ఎన్ని స్థిరాంకాలు కావాలో జర్మనీ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ పాకెల్స్ 19వ శతాబ్దం చివర్లో పట్టిక వేశారు. ఆయన ఆ రంగానికి పునాది వేసినవారు. దాదాపు యాభై ఏళ్ళు అందరూ ఆ పట్టికనే వాడారు.

ఘనాకార సౌష్ఠవం ఉన్న తరగతులు ఐదు. పాకెల్స్ పట్టికలో ఐదింటికీ మూడేసి స్థిరాంకాలు చాలని ఉంది. భగవంతం గారు తన పద్ధతిలో మళ్ళీ మొదటి నుంచి లెక్క వేశారు. మూడు తరగతులకు మూడు సరిపోయాయి. మిగతా రెండింటికి నాలుగు వచ్చాయి. ఆయన పెద్దవారి పట్టికకు తన లెక్కను సర్దలేదు. నాలుగే అని రాసి ప్రచురించారు. తరువాతి ఏళ్ళలో తన శిష్యులతో కలిసి ప్రయోగశాలలో కొలిచి కూడా చూపించారు. తర్వాత వచ్చిన పుస్తకాల్లో ఈ దిద్దిన పట్టికే ఉంటుంది.

నాలుగు స్థిరాంకాలు కావలసిన ఆ స్ఫటికాల్లో ఒకటి పటిక. వానాకాలంలో కృష్ణా నీళ్ళు బురదగా వస్తే మన అమ్మమ్మలు బిందెలో తిప్పిన పటికే.

సీసపు రాయి, కెంపు వెండి

ఖనిజాల గుణాలను కొలవడం కూడా ఆయన బృందం వదల్లేదు. చిన్న స్ఫటికపు పలకల గుండా మన చెవికి వినిపించని అతిధ్వనులను పంపి, వాటి వేగాన్ని బట్టి రాయి ఎంత గట్టిగా సాగుడును ఎదిరిస్తుందో లెక్కించేవారు. 1946లో వజ్రానికి, 1951లో గెలీనాకు ఆ ఫలితాలు ప్రచురించారు. గెలీనా అంటే సీసం, గంధకం కలిసిన ముడి ఖనిజం. మనకు దూరమేమీ కాదు, పల్నాడులో వినుకొండ దగ్గర అగ్నిగుండాల గనుల్లో దొరికిన సీసపు ఖనిజం అదే. పగలగొడితే చిన్న చిన్న ఘనాలుగా విడిపోతుంది. అంత సౌష్ఠవం ఉంది కాబట్టి దాని సాగుడు గుణాలు చెప్పడానికి మూడు సంఖ్యలు చాలు.

ఇప్పుడు దాని దూరపు చుట్టాన్ని చూడండి. లోహం, గంధకం ఉన్నచోట ఆర్సెనిక్ గానీ ఆంటిమొనీ గానీ కలిస్తే సల్ఫోసాల్ట్ అనే అరుదైన ఖనిజాలు పుడతాయి. వాటిలో అందమైనది ప్రూస్టైట్. గనివాళ్ళు దీన్ని రూబీ సిల్వర్ అంటారు, మనం కెంపు వెండి అనుకోవచ్చు. వెండి మూడు, ఆర్సెనిక్ ఒకటి, గంధకం మూడు పాళ్ళలో పరమాణువులు ఉంటాయి. తొమ్మిదో తరగతిలో స్థిరానుపాత నియమం కింద మీ పిల్లలు చదివే ఫ్రెంచి శాస్త్రవేత్త ప్రూస్ట్ పేరే దీనికి పెట్టారు. చిలీ, జర్మనీ, చెక్ దేశాల వెండి గనుల్లో దొరుకుతుంది. మన డెల్టా ఒండ్రు మట్టిలో వెతికితే దొరకదు. ఎర్రగా మెరుస్తుంది, గోరంత మెత్తన. వెలుతురులో ఉంచితే నల్లబడుతుంది, అందుకే మ్యూజియంలలో దీన్ని వెలుతురు తగలకుండా దాస్తారు.

ఈ రాయికి సౌష్ఠవం తక్కువ. దీని ప్రధాన అక్షానికి ఒక కొన ఒకలా, రెండో కొన ఇంకోలా ఉంటుంది. కాబట్టి సాగుడుకు మూడు సంఖ్యలు చాలవు, ఆరు కావాలి. రెండు కొనలు వేరు కాబట్టి వేడి మారితే ఒక కొనన ధన విద్యుత్తు, రెండో కొనన రుణ విద్యుత్తు చేరడానికి వీలుంది. గెలీనాలో అది సాధ్యం కాదు. 1960ల చివర్లో లేజర్ కాంతి పనుల కోసం ఈ స్ఫటికాన్ని ప్రయోగశాలల్లో పెంచారు. రాయిని ముట్టుకోకుండానే దాని స్వభావం ఇంత చెప్పగలగడం, అదీ భగవంతం గారు పిల్లలకు నేర్పిన లెక్క.

పదవులు, ఒక పుస్తకం

ఆ తర్వాత ఆయన మీద పెద్ద బాధ్యతలు వచ్చి పడ్డాయి. 1948–49లో లండన్‌లో భారత ప్రభుత్వ శాస్త్ర సంబంధాల అధికారిగా పనిచేశారు. 1949లో ఉస్మానియాకు వచ్చి, 1952 నుంచి 1957 వరకు వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. 1957లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్ అయ్యారు. ఒకప్పుడు గురువు రామన్ గారు కూర్చున్న కుర్చీ అది. 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. అంటే 1962 చైనా యుద్ధం, 1965 పాకిస్తాన్ యుద్ధం రెండూ ఆ కాలంలోనే వచ్చాయి.

ఇంత పనిలో ఉన్న మనిషి లెక్క మానేస్తారని అనుకుంటాం. ఆయన మానలేదు. 1966లో స్ఫటికాల సౌష్ఠవం, భౌతిక గుణాల మీద ఆయన రాసిన పుస్తకం లండన్ నుంచి వెలువడింది. వాల్తేరులో మొదలుపెట్టిన ప్రశ్నను ఢిల్లీలో కూడా వదల్లేదన్నమాట. 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు.

మీకు ఒక మనవి

ర్యాంకులు అవసరమే, నేను కాదనను. మీరు కష్టపడి ఫీజు కడుతున్నారు, మార్కులు అడిగే హక్కు మీకుంది. కానీ మీ పాపో బాబో కీ తప్పని అన్నప్పుడు వెంటనే మందలించకండి, వెంటనే వెనకేసుకుని కూడా రాకండి. ఎలా చేశావో చేసి చూపించమనండి. తప్పు పిల్లలదైతే చేస్తూ ఉండగానే వాళ్ళకే తెలుస్తుంది. కీదైతే నాకు చెప్పండి. ఇప్పుడు నా కీని కూడా నేను చేసి చూసుకున్నాకే పేపర్లు దిద్దుతున్నాను.

ఈ ఆదివారం ఇంట్లో చేసి చూడండి

అన్ని వైపులా సమానంగా ఉన్న చదరపు డబ్బా ఒకటి తీసుకోండి. తెల్ల కాగితం అంటించండి. ఎదుటి ముఖం మీద, దాని వెనక ముఖం మీద నిలువు గీతలు గీయండి. కుడి, ఎడమ ముఖాల మీద ముందు నుంచి వెనక్కి అడ్డగీతలు గీయండి. పైన, కింద ఎడమ నుంచి కుడికి గీయండి. బంగారంలా మెరిసి మోసం చేసే పైరైట్ అనే ఖనిజపు ఘనాల మీద ఇలాంటి గీతలే సహజంగా ఉంటాయి.

డబ్బాను బల్ల మీద పావు వంతు తిప్పండి. గీతలు ముందులాగే ఉన్నాయా? సగం తిప్పండి. ఇప్పుడు? గీతలు లేని డబ్బాతో కూడా చేసి పోల్చండి. పైకి రెండూ ఘనాలే అయినా ఒకే తరగతి కాదని మీ పిల్లలకే తెలుస్తుంది. ఐదు తరగతులనూ ఒకే గాట కట్టినప్పుడు పట్టికలో జారిపోయిన తేడా ఇదే. జవాబు మీరు చెప్పకండి. పిల్లలు చెప్పిన జవాబును ఒక కాగితం మీద రాయించి సోమవారం నాకు పంపండి.

మీ
లెక్కల టీచర్