తల్లి పేరిట తటాకము: కాకతి మైలాంబ

కాకతీయుల చరిత్ర యనగానే రుద్రమదేవి శౌర్యము, గణపతిదేవుని రాజ్యవిస్తారము మన స్మృతికి వచ్చును. ఆ గణపతిదేవుని తోబుట్టువు మైలాంబను తలచువారు తక్కువ. మాతృభక్తికి ఆమె వలె చిరకాలము నిలుచు గుర్తు విడిచిన స్త్రీలు మన దేశచరిత్రలో అరుదు. ఆ గుర్తు బయ్యారము చెరువు. 2016లో జిల్లాలు పునర్విభజింపబడు వరకు ఇది ఖమ్మము జిల్లాలోనిది; ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో చేరినది. భద్రాచలము వైపు వ్యాపించు అరణ్యముల అంచున, ఇనుప రాతి కొండల నడుమ నున్న సీమ యిది.

మైలాంబ తండ్రి మహాదేవుడు, తల్లి బయ్యమాంబ. వేయిస్తంభముల గుడి కట్టించిన రుద్రదేవునకు మహాదేవుడు తమ్ముడు. 1195 ప్రాంతమున అన్న గతించిన పిమ్మట అతడు రాజ్యమునకు వచ్చెను గాని మూడు నాలుగేండ్లకు మించి నిలువలేదు. దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధమున అతడు వీరమరణ మొందెను. కుమారుడు గణపతి శత్రువులకు బందీయయ్యెను. భర్త మృతి, కుమారుని చెర, సామంతుల తిరుగుబాటు ఆ గృహముపై ఒక్కమారుగా పడినవి. సేనాని రేచర్ల రుద్రుడు రాజ్యమును నిలిపెను. 1199 నాటికి యాదవరాజు జైతుగి గణపతిని విడిచిపెట్టగా అతడు ఓరుగంటికి వచ్చి సింహాసన మధిష్ఠించెను.

బయ్యమాంబ మెట్టినది శైవము పాదుకొన్న యిల్లు. మహాదేవుని తాత యగు రెండవ బేతరాజు కాళాముఖాచార్యుడైన రామేశ్వరపండితునకు శిష్యుడై, 1090లో ఆయనకు శివపురమును ధారపోసెను. మహాదేవుడు ధ్రువేశ్వరముని వలన శివదీక్ష గైకొనెను. అటుపై గణపతిదేవునకు గోళకీమఠాధిపతి విశ్వేశ్వరశివాచార్యులు గురువైరి. ఇది బసవేశ్వరుడు బోధించిన వీరశైవము కాదు, ఆగమశైవము, కాళాముఖశైవము. అభిమానముచేత రెంటిని ఒక్కటిగా చెప్పుట చరిత్రకు న్యాయము కాదు. అయినను శివునియం దనన్యభక్తి ఆ యింట తల్లిదండ్రుల నుండి బిడ్డలకు సంక్రమించినదని చెప్పవచ్చును.

మైలాంబను, ఆమె సోదరి కుందమాంబను నతవాడి ప్రభువగు రుద్రునకిచ్చి వివాహము చేసిరి. కృష్ణకు ఉత్తరమున మధిర, నందిగామ పరిసరముల నాటి పేరు నతవాడి. అప్పటి రాచవివాహములలో మైత్రి ముందు, మనసు తరువాత. మెట్టినింట ఉన్నను ఆమె తల్లిని మరువలేదు. బయ్యమాంబకు పుణ్యము కలుగవలెనని ఒక మహాతటాకమును త్రవ్వించి, ధర్మకీర్తిసముద్రమని పేరు పెట్టి, శిలాశాసనము నిలిపెను. దీని కాలము 1219 అని చెప్పుదురు. బయ్యారమను ఊరిపేరు ఆ తల్లి పేరిటనే వచ్చినదని చరిత్రజ్ఞుల మతము.

గుడి కట్టింపక చెరువు త్రవ్వించుటలో ఆమె వివేకము కానవచ్చును. తటాకప్రతిష్ఠ సప్తసంతానములలో ఒకటి. ఆ మెరక నేలలో వాన కురిసినను నీరు నిలువదు. వాగుల వెంట పారి పోవును. రెండు కొండల నడుమ గట్టు వేసి, తూములు నిర్మించి, అలుగు విడిచి, కాలువలు తీసిననే పైరు పండును. కాకతీయుల కాలమున చెరువు మరమ్మతుకై దశబంధమను ఏర్పాటుండెను. చెరువు బాగోగులు చూచువానికి పంటలోనో భూమిలోనో పదియవ వంతు చెందును. అందుచే చెరువులు కట్టిన ప్రభువులు పోయినను పలుతరములు నిలిచినవి. పాకాల, రామప్ప, లక్నవరము ఆ యుగపు తటాకములే.

మన శరణులలో సిద్ధరామేశ్వరుడు సొన్నలిగెలో చెరువు త్రవ్వించిన వృత్తాంతము పాఠకులకు తెలిసినదే. ఆయనది శివయోగి కాయకము, ఈమెది రాజపుత్రి దానము; భేదము గలదు. మట్టి మోసినవారి పేళ్లు మాత్రము బయ్యారము శిలపై కానరావు. ఆ శ్రమ లేక ఏ రాణి ధర్మమును సాగి యుండదు.

ఆ శాసనము వలన మరియొక మేలు జరిగినది. తల్లిదండ్రుల వంశమును కీర్తింపదలచి, వెన్నరాజు మొదలు గణపతిదేవుని వరకు కాకతీయుల వరుసను మైలాంబ అందు వ్రాయించెను. అంతకు ముందు తొలి కాకతీయుల క్రమము తేలక పండితులు తికమకపడుచుండిరి. ఈ శాసనము, 956 నాటి మాంగల్లు శాసనము కలిసి ఆ చిక్కును చాలవరకు విప్పినవి. పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు 1978లో వెలువరించిన కాకతీయ చరిత్రమున దీనికి గల స్థానము పెద్దది. కత్తి పట్టి యేలినవారి వంశక్రమమును నిలిపినది ఒక కూతురు చెరువుగట్టున నాటిన రాయి.

ఈ ఆచారము ఆ యింటి స్త్రీలలో కొనసాగెను. గణపతిదేవుని కుమార్తె గణపాంబ, భర్త కోట బేతరాజు మరణింపగా అతని పుణ్యముకొరకు ధరణికోట సీమలో శివాలయము కట్టించినది. ఆమె అక్క రుద్రమ రాజ్యమునే మోసినది. వీరిద్దరును బయ్యమాంబకు మనుమరాండ్రు.

ఓరుగల్లు 1323లో ఢిల్లీ సేనలకు లొంగెను. కోట శిథిలమైనను బయ్యారము చెరువు నిండుట మానలేదు. వానకాలమున కొండవాగులు దిగివచ్చి ఎనిమిది వందల యేండ్ల నాటి ఆ గట్టును నేటికిని తాకుచున్నవి; తూముల నుండి కాలువలకు నీరు పోవుచున్నది; దిగువ వరి పండుచున్నది.