పాతవారిని విడువని సంస్కర్త - జాన్ పోస్టెల్

ఒక యంత్రం మరొక యంత్రంతో సంభాషించాలంటే రెండింటికీ తెలిసిన నియమావళి ఉండాలి. దానిని ఎందరో వాడుకొంటూ ఉండగా మధ్యలో మార్చడం ఎట్లు? ఈ చిక్కుతోనే జీవితమంతా గడిపిన జాన్ పోస్టెల్ కంప్యూటరు శాస్త్రం చదివేవారికి సుపరిచితులు. తక్కిన విద్యార్థుల కోసం ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పోస్టెల్ 1943 ఆగస్టు 6న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జన్మించారు. లాస్ ఏంజిలిస్‌లోని విశ్వవిద్యాలయంలో ఆయన చదువుతుండగా, 1969లో అర్పానెట్ తొలి కేంద్రం అక్కడే నెలకొన్నది. ఆ జాలపు నియమాలను ఆర్.ఎఫ్.సి. అనే వరుససంఖ్యల పత్రాలుగా ప్రకటించేవారు. వాటి సంపాదకత్వం కడదాకా ఆయనదే. ఒకసారి ప్రకటించిన పత్రంలో అక్షరం మార్చరాదు. మార్పు కావలసివస్తే కొత్త సంఖ్యతో కొత్త పత్రం రావాలి. పాతదానిని నమ్ముకొన్నవాని కాళ్ళక్రింద నేల కదలదన్నమాట. ఏ సేవకు ఏ సంఖ్యో తెలిపే చిట్టా కూడా ఆయన వద్దనే ఉండేది. ఉత్తరాల బట్వాడాకు నాడు కేటాయించిన 25 నేటికీ 25గానే ఉన్నది.

కఠిన పరీక్ష 1980 దశకం ఆరంభంలో వచ్చింది. పాత ఎన్.సి.పి.ని తొలగించి టి.సి.పి.ని నెలకొల్పాలి. రెండింటికీ పొత్తు కుదరదు. 1981 నవంబరులో పోస్టెల్ ఒక ప్రణాళిక వ్రాశారు. 1982 అంతా రెండూ సాగుతాయి. ఒక్కటే తెలిసిన యంత్రాల నడుమ రెండూ తెలిసినవి మధ్యవర్తులుగా ఉండి ఉత్తరాలను, ఫైళ్ళను అందిస్తాయి. 1983 జనవరి 1న పాతది ఆగిపోతుంది. అయినా గడువును లెక్కచేయనివారు ఎందరో! 1982లో పాతదానిని ఒకసారి ఒక రోజు, మరొకసారి రెండు రోజులు ఆపి చూపవలసివచ్చింది. పరీక్ష తేదీ వచ్చేదాకా పుస్తకం తెరవని మా వంటివారికి ఇది వింతగా తోచదు. గడువు దాటిన తరువాత కూడా కొన్ని నెలలు ఇబ్బందులు తప్పలేదు.

పంపేటప్పుడు నియమం తప్పరాదనీ, స్వీకరించేటప్పుడు ఎదుటివాని చిన్న దోషాలను సహించాలనీ ఆయన సూత్రం. సహించిన దోషమే అలవాటై, ఇక దిద్దరానిదవుతుందని తరువాతివారు ఆక్షేపించారు. 2023లో వెలువడిన 9413వ పత్రం దీనినే వివరించింది. ఆ ఆక్షేపణలో న్యాయం ఉన్నదనే మా అభిప్రాయం. కాని తొలినాళ్ళలో ఆ సహనమే లేకుంటే ఈ యంత్రాలు ఒకదానితో ఒకటి పలికేవి కావేమో.

1998 జనవరిలో, పేర్ల పట్టికను నడిపే మూల యంత్రాలలో ఎనిమిదింటిని తన సంస్థవైపు త్రిప్పమని ఆయన నిర్వాహకులను కోరారు. వాడుకదారులకు తేడా తెలియలేదు గాని, ప్రభుత్వం అభ్యంతరపెట్టగా తిరిగి యథాస్థానానికి మళ్ళించారు. ఆ సంవత్సరమే అక్టోబరు 16న, గుండె శస్త్రచికిత్స అనంతరం, 55 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు. మిత్రుడు వింట్ సెర్ఫ్ వ్రాసిన సంస్మరణ కూడా ఆ వరుసలోనే, 2468వ పత్రంగా వెలువడింది.