కవల దూడల దగ్గర పాఠం నేర్చిన మెడవార్

ఆవు కవలల్ని ఈని, అందులో ఒకటి కోడెదూడ, రెండోది పెయ్యదూడ అయితే, ఆ పెయ్య పెరిగి పెద్దదైనా చూడి కట్టదు. అలాంటి పెయ్యలు పదింట తొమ్మిదికి పైగా గొడ్డుపోతాయి. పశువులతో బతికేవాళ్లకు ఇది అనుభవం మీద తెలిసిన సంగతే. ఈ గొడ్డు పెయ్యల రక్తంలో ఉన్న కిటుకే అవయవాలు మార్చే వైద్యానికి ఒక దారి చూపిందంటే నమ్మబుద్ధి కాదు. ఆ దారిన నడిచి పేరుగన్నవాడు పీటర్ మెడవార్.

ఆయన 1915లో బ్రెజిల్‌లో పుట్టాడు. తండ్రి లెబనాన్‌వాడు, తల్లి ఇంగ్లీషావిడ. చదువంతా ఇంగ్లండులో. 1940లో, యుద్ధం రోజుల్లో, ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన ఇంటి దగ్గరే ఒక విమానం కూలి పైలట్ ఒళ్లు కాలిపోయింది. ఇంకొకరి చర్మం తెచ్చి అతికితే నిలవదు, కొద్ది రోజుల్లోనే ఊడిపోతుంది. ఎందుకు? 1943 నాటికి గిబ్సన్ అనే సర్జన్‌తో కలిసి మెడవార్ తేల్చాడు: పరాయి చర్మాన్ని తరిమేది మన ఒంటిలోని రక్షణశక్తే. అదే మనిషి చర్మం రెండోసారి అతికితే ఇంకా తొందరగా తరుముతుంది.

ఇక ఆవుల సంగతి. 1948లో స్టాక్‌హోం మహాసభలో హ్యూ డొనాల్డ్ అనే పశు పరిశోధకుడు ఆయన్ని ఒక సాయం అడిగాడు. ఒకే అండం నుంచి పుట్టిన కవల దూడలైతే వాటి జాతిగుణం ఒకటే కాబట్టి, మేతలో తేడా చూపి ఫలితం లెక్కకట్టవచ్చు. మరి ఏవి ఒకే అండానివో, ఏవి రెండు అండాలవో పోల్చుకోవడం ఎలా? ఓ దూడ చర్మం రెండోదానికి అతికి చూస్తే తేలిపోతుంది, ఇదేం పెద్ద పని అనుకున్నాడు మెడవార్. బర్మింగ్‌హాంలో ఆచార్యుడుగా ఉన్న ఆయన, బిల్లింగ్‌హాం అనే సహచరుడితో కలిసి కానక్ దగ్గర దొడ్డికి వెళ్లి అతుకులు వేశాడు. అంచనా తలకిందులైంది. కోడె, పెయ్య జంటల్లో కూడా, అంటే కచ్చితంగా రెండు అండాలవైన కవలల్లో కూడా, దాదాపు అన్నిట్లో అతుకు నిలిచింది!

జవాబు అమెరికాలో అప్పటికే ఉంది. విస్కాన్సిన్‌లో పాడి రైతు కుటుంబంలో, అదే 1915లో పుట్టిన రే ఓవెన్, అక్కడి విశ్వవిద్యాలయంలో పశువుల రక్తం పరీక్షించి ఏ దూడ ఏ ఆబోతుదో తేల్చే పనిలో ఉండేవాడు. మేరీలాండ్‌లో ఒక గెర్న్సీ ఆవుకు ఒకే ఎదలో గెర్న్సీ ఆబోతు, హెర్‌ఫర్డ్ ఆబోతు రెండూ దాటాయి. పుట్టిన కవలల్లో ఒకటి ఒక తండ్రి పోలిక, రెండోది ఇంకో తండ్రి పోలిక. కాని రక్తం చూస్తే రెండింటిలోనూ రెండు రకాల రక్తకణాలూ కలిసే ఉన్నాయి. తల్లి కడుపులో రెండు దూడల మాయల్లోని రక్తనాళాలు ఒకటైపోతాయని 1916లోనే లిల్లీ చెప్పాడు. పెయ్య గొడ్డుపోయేదీ అందుకే. ఎర్రకణాలు కొన్ని నెలలకే చచ్చిపోతాయి. మరి ఏళ్లు గడిచినా పరాయి రక్తం పోవడం లేదంటే, రక్తాన్ని పుట్టించే మూల కణాలే అటూ ఇటూ మారి కాపురం పెట్టాయన్నమాట. ఓవెన్ దీన్ని 1945లో ప్రకటించాడు. పట్టించుకున్నవాళ్లు తక్కువ.

పట్టించుకున్న ఒకడు ఆస్ట్రేలియాకు చెందిన బర్నెట్. ఏది నాది, ఏది పరాయిది అన్నది శరీరం పుట్టకముందే నేర్చుకుంటుందని ఆయన 1949లో ఊహించాడు. ఆయన పుస్తకం ద్వారానే మెడవార్‌కు ఓవెన్ పని తెలిసింది. కడుపులో కలిసిన రక్తాన్ని దూడ తనదే అనుకుంటోంది కాబట్టి చర్మాన్నీ ఒప్పుకుంటోంది. 1953లో బిల్లింగ్‌హాం, బ్రెంట్‌లతో కలిసి మెడవార్ దీన్ని చిట్టెలుకల్లో చేసి చూపించాడు. తల్లి కడుపులోని పిల్లలకు వేరే జాతి ఎలుక కణాలు ఎక్కిస్తే, పెద్దయ్యాక ఆ జాతి చర్మాన్ని అవి తరమలేదు. మనుషుల్లో అంత సులువుగా కుదరలేదు. మూత్రపిండం మార్చుకున్నవాళ్లు ఈనాటికీ మందులు మింగుతూనే ఉండాలి. అయినా, అసాధ్యం కాదని సర్జన్లకు ధైర్యం వచ్చింది ఇక్కడే.

1960లో నోబెల్ బహుమతి బర్నెట్‌కూ మెడవార్‌కూ ఇచ్చారు. ఓవెన్ పేరు లేదు. ఇది అన్యాయమనే మా అభిప్రాయం. మెడవార్‌కూ అలాగే అనిపించింది: ఈ బహుమతిలో మీకూ భాగం ఉండవలసిందని ఓవెన్‌కు ఉత్తరం రాశాడు. డబ్బులో కొంత బిల్లింగ్‌హాం, బ్రెంట్‌లకు పంచాడు. 1969లో పక్షవాతం వచ్చినా రాయడం, పనిచేయడం మానలేదు. 1987లో లండన్‌లో చనిపోయాడు. ఓవెన్ 2014 దాకా బతికాడు; నోబెల్ మాత్రం ఆయనకు రానేలేదు.