గోషా ఆసుపత్రిలో పనిచేసిన లూసీ విల్స్

మీ ఇంట్లో పెళ్లయి అత్తారింటికి వెళ్లబోయే అమ్మాయి ఉంటే, ఆమె బరువెంతో మీకు తెలుసా? మీ ఇంట్లో అంట్లు తోమే ఆమె కూతురి బరువో?

నవీపేట్ చుట్టుపక్కల ఊళ్ల గర్భిణులు మా ఓపీకి వస్తుంటారు. బీడీలు చుట్టే ఇళ్ల నుంచి, పసుపు కూలీకి వెళ్లే ఇళ్ల నుంచి వచ్చేవాళ్లలో 40 కిలోలు దాటనివాళ్లు కనబడతారు. అదే వరుసలో దుకాణాలున్న ఇళ్ల కోడళ్లు 75, 80 కిలోలతో నిలబడతారు. చిత్రమేమిటంటే చాలాసార్లు ఇద్దరికీ రక్తం తక్కువే. దాదాపు వందేళ్ల కిందట ఇలాంటి తేడాల వెంటపడిన ఒక డాక్టరమ్మ గురించి ఈ వారం చెప్పుకుందాం.

లూసీ విల్స్ 1888లో ఇంగ్లండ్‌లో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివి 1911లో పరీక్షలు పూర్తి చేశారు. ఆడవాళ్లకు అప్పట్లో అక్కడ డిగ్రీ ఇచ్చేవారు కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కేప్‌టౌన్‌లో నర్సుగా పనిచేసి, ఆ తర్వాత వైద్యం చదివారు. 1920లో డాక్టరయ్యేసరికి ఆమెకు 32 ఏళ్లు. ప్రాక్టీసు పెట్టకుండా ల్యాబ్‌లో చేరారు.

1928లో బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు గర్భంతో ఉండగా తీవ్రమైన రక్తహీనతతో చనిపోతున్నారు. వాళ్ల ఎర్రకణాలు మామూలు కంటే పెద్దవిగా ఉండేవి. కారణం ఏదైనా క్రిమేమోనని వెతికితే ఏమీ దొరకలేదు. అప్పుడు ఆమె ఎవరింట్లో ఏం తింటున్నారో చూడటం మొదలుపెట్టారు. ఈ జబ్బు అన్ని ఇళ్లనూ ఒకేలా పట్టలేదు. కలిగినవాళ్లలో తక్కువ, పేదల్లో ఎక్కువ. పేద ముస్లిం స్త్రీల తిండి అన్నిటికంటే నాసిగా ఉంది, జబ్బూ వాళ్లలోనే ఎక్కువ. తేడా పళ్లెంలో ఉందని ఆమెకు అర్థమైంది.

అదే తిండిని ఎలుకలకు పెట్టి చూశారు, తర్వాత కోతులకు. ఒక కోతికి మార్మైట్ అనే ఈస్ట్ ముద్ద పెడితే కోలుకుంది. బీరు తయారీలో మిగిలే ఈస్ట్‌తో చేసే చవక సరుకు అది. గర్భిణులకు ఇస్తే వాళ్లూ కోలుకున్నారు. 1931లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మద్రాసులో మన పెద్దవాళ్లు గోషా ఆసుపత్రి అని పిలిచే చోట కూడా ఆమె పనిచేశారు. ఈస్ట్‌లోని ఆ పదార్థమేమిటో తెలియక చాలాకాలం విల్స్ ఫ్యాక్టర్ అనే అన్నారు. అదే ఫోలిక్ యాసిడ్. 1945లో దాన్ని అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ జబ్బుతో అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషి ఆయన.

విల్స్ కొలిచింది రక్తం. ఇప్పుడు మీరు కొలవాల్సినవాటిలో బరువూ ఉంది, అదీ గర్భం రాకముందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ స్త్రీలలో 18.8 శాతం మంది ఉండాల్సిన దానికంటే సన్నం, 30.1 శాతం మంది అధిక బరువు. 150 సెంటీమీటర్ల ఎత్తున్న అమ్మాయి 42 కిలోల లోపుంటే నెలలు నిండకముందే కాన్పు కావచ్చు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. అదే ఎత్తుకు 52 దాటితే గర్భంలో షుగర్, బీపీ, సిజేరియన్ అవకాశాలు పెరుగుతాయి. తెల్లవాళ్లకు పెట్టిన హద్దు మనకు సరిపోదు. వాళ్ల కంటే తక్కువ బరువుకే మనకు షుగర్ వస్తుంది. అందుకే పెళ్లిచూపుల ముందు పస్తులుండి తగ్గడం, పెళ్లయ్యాక అందరూ తిన్నాక మిగిలింది తినడం, రెండూ నాకు కోపం తెప్పిస్తాయి.

విల్స్ 1947లో ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా జమైకా, ఫిజీల్లో ఇదే పనిమీద తిరిగారు. పెళ్లి చేసుకోలేదు. 1964లో కన్నుమూశారు. ఫోలిక్ యాసిడ్‌ను గర్భానికి ముందునుంచే వాడితే బిడ్డ వెన్నులో వచ్చే లోపాలు చాలావరకు రావని 1991లో గట్టిగా తేలింది. ఆ వెన్ను గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అందుకే బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే రోజూ 400 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోమంటాం. బడి వయసు ఆడపిల్లలకు వారానికో ఐరన్-ఫోలిక్ మాత్ర ఇస్తారు. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం, గుడ్డు, పాలు గర్భిణిగా పేరు రాయించుకున్నాకే మొదలవుతాయి. మధ్యలో ఉండే కొత్త కోడలికి ఇంట్లోవాళ్లే దిక్కు. మా దగ్గరికి వాళ్లలో చాలామంది రెండో నెల దాటాకే వస్తారు.