ఆకాశాన్ని చూసి లెక్క దిద్దిన రఘునాథాచారి

నందికొట్కూరు నుంచి కృష్ణ దాటి ఉత్తరంగా వెళితే వనపర్తి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి మద్రాసు నక్షత్రశాల బృందం ఒకటి అక్కడికి వచ్చింది. దాని నాయకుడు చింతామణి రఘునాథాచారి. ఆయన పైఅధికారి పోగ్సన్ ఆ రోజు మచిలీపట్నంలో ఉన్నారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో ఉన్నారు.

రఘునాథాచారి ఉద్యోగానికి ఓపిక కావాలి. ఒక్కో నక్షత్రం ఆకాశంలో మధ్యరేఖను దాటే క్షణాన్ని రాసుకోవాలి. తిరిగేది భూమి, కానీ మన కంటికి ఆకాశమే తూర్పు నుంచి పడమరకు సాగుతుంది. నిన్నటి చుక్క ఇవాళ దాదాపు 4 నిమిషాలు ముందే ఉదయిస్తుంది. చంద్రుడు మాత్రం రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యం. రాత్రి చేను కాపలా కాసే రైతుకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

1867లో ఆయన వెలుగు మారే నక్షత్రం ఒకటి కనుగొన్నారు. దాని పేరు ఆర్ రెటిక్యులై. మనకు అది దక్షిణాన దిగువగా, చిన్న వంపులో సాగి అస్తమిస్తుంది.

అసలు తగవు సొంతవాళ్లతోనే వచ్చింది. పాత పంచాంగాల లెక్కల్లో చిన్న తేడాలు ఏళ్ల తరబడి పేరుకుపోయాయి. కంటికి కనబడినదాన్ని బట్టి వాటిని దిద్దాలని పట్టుబట్టి ఆయన దృగ్గణిత పంచాంగం వెలువరించారు. సంప్రదాయ పండితులు చాలామంది ఒప్పుకోలేదు. ఆయన వెనక్కి తగ్గలేదు.

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటాడు. సామాన్యులకు ఆ సంగతి ముందే తెలియాలని ఆయన తమిళంలో చిన్న పుస్తకం రాశారు. అది కన్నడంలో, ఉర్దూలో కూడా వచ్చింది.

1880 ఫిబ్రవరి 5న ఆయన కన్నుమూశారు. ఆ చుక్క వెలుగును ఖగోళజ్ఞులు ఇప్పటికీ కొలుస్తున్నారు.